చెవులున్న పొయ్యి

వంటింటి గోడ పడగొట్టి ఇవాళ్టికి పన్నెండో రోజు.
డలూత్‌లో ఏప్రిల్ అంటే
సరస్సు ఇంకా మంచు నములుతూనే ఉంటుంది.
హాల్లో ఇస్త్రీబల్ల మీద కాఫీ,
స్నానాలగదిలో గిన్నెలు.
మేస్త్రీ గుస్తాఫ్‌సన్‌ది పొద్దున్నే ఫోన్లో ఒకటే పాట:
"పొయ్యి ఏదో తేల్చమ్మా,
కొలతలు లేందే అల్మరాలు కోయలేను."

జేబులో టేపు, చేతిలో చీటీ, పక్కన రెయినో.
ముప్ఫయ్యేళ్ళు ఇనుపరాయి ఓడలు నింపిన మనిషి.
మూడేళ్ళుగా చూపు నడిమధ్యన మాసిపోతోంది,
అంచులు మాత్రం మిగిలాయి.
సూటిగా చూస్తే నేను ఉండనట,
పక్కకి చూస్తే ఉంటానట.
నలభై ఆరేళ్ళ కాపురంలో ఇది కొత్తేం కాదన్నాను.
నవ్వాడు.

దుకాణంలో ఫ్రిజ్‌లు బారులు తీరి ఉన్నాయి,
ఫోటోకి నిలబెట్టిన పెళ్ళివారిలా.
ఒకటి, లోపలి పాలు ఎన్నాళ్ళవో తనే చెబుతుందట.
"ఆ పని నా ముక్కు చేస్తోందిగా," అన్నాడు రెయినో.
బ్రేడెన్ అని పేరు తగిలించుకున్న కుర్రాడు
మమ్మల్ని నల్లటి అద్దం పలక ముందుకి నడిపించాడు.
"మంట లేదు, మీట లేదు, వేలు ఆనిస్తే చాలు."

ఆనించాడు. కానీ ఎక్కడ?
గడ్డకట్టిన సరస్సు మీద
తన చేపల గుడిసె వెతుక్కునేవాడిలా
ఆ నునుపంతా అరచేత్తో తడిమాడు.
ఏదో కూసింది. ఏదో వెలిగింది. ఆరిపోయింది.
చెయ్యి తీసి కోటు జేబులో దాచేసుకున్నాడు.

నిజం ఒప్పుకుంటాను, నాకు ఆ పలకే కావాలి.
పత్రికలోంచి కత్తిరించిన దాని బొమ్మ
రెండేళ్ళుగా మా పాత ఫ్రిజ్ తలుపు మీద ఉంది.
పొయ్యి సందుల్లో జిడ్డు గీకీ గీకీ అరిగిన గోళ్ళు నావి.
అలాగని, శనివారం యాలకుల రొట్టె మాత్రం అతనిదే.
చీకటితో లేచి, పిండిని మూడు పాయలు చేసి
చకచకా జడ అల్లేస్తాడు.
కూతురి జడ దగ్గర మాత్రం ఎప్పుడూ పారిపోయేవాడు.

"చెవులున్న పొయ్యి లేదా బాబూ?
మెలిపెడితే వినేది?"

కుర్రాడు వెనక వరస చూపించాడు.
అద్దె ఇళ్ళకి కొనే రకాలు.
రెయినో మోకాళ్ళ మీద కూర్చుని
ఒక్కోదాని చెవీ తిప్పాడు.
ఇది జారిపోతోంది. దీనికి పళ్ళు లేవు. ఇది అబద్ధాలాడుతోంది.
అయిదోది: టిక్. టిక్. టిక్.
"ఐలీ, ఇది మాట్లాడుతోంది."

నేను టేపు తీశాను. ముప్ఫై అంగుళాలు. సరిపోయింది.
సరిపోకపోతే బావుణ్ణని
ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం అనుకున్నాను.

తర్వాత ఫ్రిజ్‌ల దగ్గర నిలబడి అడిగాడు:
"వీటిల్లో ఒక్కటీ ఊపిరి తియ్యదేం?"
బ్రేడెన్ నేలమీద పాకి, వెనక తీగ వెతికి, ఒకదాన్ని బతికించాడు.
రెయినో దాని తలుపుకి చెంప ఆనించి చాలాసేపు ఉన్నాడు.
"రాత్రి దాహమేసి లేస్తే
ఈ గురక పట్టుకుని వచ్చెయ్యొచ్చు."

గిన్నెలు కడిగే యంత్రం దగ్గర మాత్రం నేను తగ్గలేదు.
ఉన్నవాటిలో నోరు లేనిది ఎంచుకున్నాను.
"అది తిరుగుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?"
"నాకు తెలుస్తుందిలే," అన్నాను, కాస్త గట్టిగానే.

పొయ్యి వచ్చిన రోజు
మూడువందల యాభై అంకె మీద
ఎర్ర గోళ్ళరంగు ఒక బొట్టు పెట్టాను.
ఆరాక దానిమీద ఇంకోటి. ఆపైన ఇంకోటి.

శనివారం. ఇంకా తెల్లారలేదు.
దుప్పట్లోంచి లెక్కపెడుతున్నాను.
అయిదు, ఆరు, ఏడు.
ఏడు దగ్గర ఆగింది.

కొత్త ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం అంటుకోదు.
ఆ బొమ్మని చెంచాల సొరుగులో పెట్టాను,
అడుగున.